తెల్లకారు ఎడమ బుగ్గ

స్టూడియో బావ ఈ జన్మకి బాగుపడడని పెయింటరు నమ్మకం. స్వయానా భార్యకి అన్న. ఫోటోలు తీసే మనిషి. మెళ్ళో కెమెరా లేకపోతే ఒంటిమీద గుడ్డ లేనంత ఇదిగా ఫీలయ్యే రకం. మాటల్లో తేనె కారుతుంది. కార్లకి రంగులేసుకుని బతికే పెయింటరు కూతురి మొహాన్ని బజారుకెక్కించింది ఆ తేనె నోటి మనిషే.

పిల్లని ఇంటిల్లిపాదీ పిడుగు అంటారు. పుట్టుకతోనే ఎర్రటి మచ్చ వచ్చింది. ఎడమ కనుబొమ చివర మొదలై, బుగ్గంతా పరుచుకుని, దవడ దగ్గర రెండు వేళ్ళలా చీలింది. "ఇందులో ఎవరి తప్పూ లేదు. కంటి పక్కన ఉంది కాబట్టి కన్ను మాత్రం అప్పుడప్పుడూ చూపిస్తూ ఉండండి. మచ్చ తగ్గించే లేజర్ వైద్యం ఉంది, కంగారేం లేదు, నిదానంగా ఆలోచించుకోవచ్చు" అంది డాక్టరమ్మ. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఊరుకుంటారా? కడుపుతో ఉండగా రంగుల వాసన పీల్చిందని ఒకావిడ, దేన్నో చూసి జడుసుకుందని ఇంకొకావిడ. పెయింటరు ఒక్కొక్కరికీ కాఫీ ఇచ్చి మరీ గుమ్మం చూపించాడు.

పిడుగు నాలుగో పుట్టినరోజుకి బావ ఫోటో తీశాడు. వారం తర్వాత పటం కట్టి తెచ్చాడు. అందులో బుగ్గ గచ్చు చేసిన గోడలా నున్నగా ఉంది.

"ఎలా ఉంది బావగారూ పనితనం? రెండు సాయంత్రాలు కూర్చుని చుక్క చుక్కా చెరిపాను."

భార్య కళ్ళనీళ్ళు తుడుచుకుని పటాన్ని ముందుగదిలో తగిలించింది. అన్నాచెల్లెళ్ళ మధ్య మనకెందుకులే అని పెయింటరు నోరు మెదపలేదు. ఆ రోజు ఎందుకు ఊరుకున్నానా అని తర్వాత ఎన్నిసార్లు తల బాదుకున్నాడో లెక్కలేదు.

నెల తిరక్కుండానే బావ దుకాణం అద్దంలో మనిషెత్తు బొమ్మలు రెండు వెలిశాయి. ఎడమవైపు మచ్చున్న పిడుగు, కుడివైపు మచ్చ లేని పిడుగు. కింద బెత్తెడు అక్షరాలు: ఏ మచ్చయినా మాయం!

పిల్ల బడికెళ్ళే దారి అదే. ఇంకో దారి లేదు. నాలుగు రోజుల్లో బళ్ళో పిడుగు పేరు 'మాయం' అయింది. ఎవరు ఫోటో తీయబోయినా చెయ్యి బుగ్గ మీదికి పోయేది.

పెయింటరు దుకాణానికెళ్ళి మర్యాదగానే అడిగాడు.

"ఆ బొమ్మలు తీసెయ్ బావా."

"అదేంటి బావగారూ! మన పిల్లని వీధంతా చూస్తోంది. వాటి మూలంగా నెలకి పదిమంది కొత్తవాళ్ళొస్తున్నారు. పైగా ఆ కుడిపక్కది చూడండి, ఎంత ముద్దుగా ఉందో!"

"ఎడమపక్కది నా కూతురు."

"కుడిపక్కది పక్కింటోళ్ళ కూతురా ఏంటి?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

రెండోసారి వెళ్తే ఆ నవ్వు కూడా లేదు. "పిల్ల మీదే బావగారూ, కాదన్లేదు. ఫోటో మాత్రం నాది" అన్నాడు. ఇంటికొచ్చి భార్యతో చెబితే, "మా అన్నయ్య మంచికే చేశాడు, మీరే ప్రతిదానికీ పెడర్థాలు తీస్తారు" అంది.

ఒక సెలవురోజు పిల్లని షెడ్డుకి తీసుకెళ్ళాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక వ్యాను తలుపుకి రంగు కొడుతున్నాడు. రంగు చిమ్మే గన్ను చప్పుడులో ఇంకేం వినపడదు. పని ఆపి చూస్తే పిడుగు లేదు. ఒక మూల ఆపిన స్కూటరు వెనక, దాని అద్దంలో మొహం చూసుకుంటూ నిలబడి ఉంది. ఒక చేతిలో గీతలు పోగొట్టే రబ్బింగ్ పేస్టు, ఇంకో చేతిలో నీళ్ళలో తడిపిన గరుకు కాగితం. అచ్చం నాన్న చేసినట్టే గుండ్రంగా, ఓపిగ్గా రుద్దుకుంటోంది. బుగ్గ చెక్కుకుపోయి రక్తం చిమ్ముతోంది.

"ఏడవలేదు నాన్నా నేను. ఇంకొంచెం రుద్దితే మామయ్య కొట్లో పాపలా అయిపోతా."

గీత ఎలాంటిదైనా నాన్న రుద్దితే పోతుందని ఆ పిల్లకి గొప్పలు చెప్పింది పెయింటరే.

బుగ్గ మానడానికి మూడు వారాలు పట్టింది. మచ్చ మాత్రం అలాగే ఉంది. ఆ మూడు వారాలూ భార్య అన్నయ్య మాట ఎత్తలేదు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, బావ తన తెల్లకారు వేసుకుని షెడ్డుకొచ్చాడు.

ఆ కారంటే ఆయనకి ప్రాణం. పాతకాలపు పెద్ద కారు. పూలు కట్టి, పెళ్ళిజంటని అందులో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తాడు. అద్దె వేరే, ఫోటోల డబ్బు వేరే.

"మొత్తం రంగు కొట్టాలి బావగారూ. పాలలా మెరిసిపోవాలి. బయటైతే దోచుకుతింటారు, మీరైతే మన ఇంటి మనిషి."

"దాందేముంది బావా, జన్మలో మర్చిపోలేనట్టు కొడతా" అన్నాడు పెయింటరు.

రంగుల్లో కొన్ని పాత ఎరుపులుంటాయి. వాటిమీద తెలుపు కొట్టాలంటే మధ్యలో అడ్డుపూత పడాల్సిందే. లేకపోతే లోపలి ఎరుపు కొన్నాళ్ళకి మెల్లగా పైకి ఊరుతుంది. పనిలో చేరిన మొదటి ఏడాదే ఆ తప్పు చేసి, యజమాని చేత చీవాట్లు తిన్నాడు పెయింటరు. ఆ రోజు తప్పు. ఈ రోజు కావాలనే.

కారంతా నిజాయితీగా గీకాడు, పుట్టీ పెట్టాడు, అడ్డుపూత వేశాడు. ముందు ఎడమవైపు మడ్‌గార్డు మాత్రం వదిలిపెట్టాడు. అటక మీది పాత ఎరుపు డబ్బా దించి, సన్న కుంచె ముంచి గీశాడు. పైన వెడల్పు, మధ్యలో కాస్త నొక్కు, కింద రెండు వేళ్ళు. చూసి గీయాల్సిన పనేముంది? నాలుగేళ్ళుగా రోజూ కడిగి తుడుస్తున్న బుగ్గ. చేస్తున్నంతసేపూ ఈల వేశాడు. ఆరాక మీద తెలుపు కొట్టాడు. మర్నాడు బావ అటూ ఇటూ తిరిగి చూసుకుని, "మీ చేతులకి బంగారు కడియాలు తొడగాలి" అని పొగిడి, సగం డబ్బులిచ్చి పోయాడు.

పదిహేను రోజులకి ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తండ్రి నలుగురిలో నిలబెట్టి బావని కడిగేశాడట. పూలదండ పక్కన తెల్లటి ఇనుము మీద ముందు గులాబీగా, పొద్దెక్కేసరికి ఎర్రగా, మచ్చ పొంగిందట. తీసిన ప్రతి ఫోటోలోనూ అదేనట. ఈ కబురు విన్న రోజు పెయింటరు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు ఉదయం కారు షెడ్డు ముందు కీచుమంటూ ఆగింది. బావ దిగి మడ్‌గార్డు వైపు చెయ్యి చూపించాడు.

"ఈ కింద రెండు వేళ్ళూ నాకు తెలుసు."

"తెలియకేం బావా, చుక్క చుక్కా చెరిపిన చెయ్యి కదా."

"పసిపిల్ల మచ్చ తెచ్చి కారుకి పూస్తావా? అసలు నువ్వు తండ్రివేనా?"

"అద్దంలో పెట్టి నువ్వు బేరాలు చేసుకోలేదూ? ఏ మచ్చయినా మాయం అని రాసుకున్నావుగా. చెయ్యి. మాయం చెయ్యి చూద్దాం."

సరిగ్గా ఆ టైములో, బడికి సెలవని నాన్నతో వచ్చిన పిడుగు షెడ్డు లోపల్నుంచి బయటికొచ్చింది. కారు చూసి ఆగిపోయింది. తర్వాత ఒక్క పరుగు.

"మామయ్యా! నీ కారుకి నా బుగ్గ వచ్చిందే!"

మచ్చకి మచ్చ ఆనించి నిలబడింది. "నన్నూ దీన్నీ ఫోటో తియ్యవా?"

ఎన్ని నెలలైందో ఆ పిల్ల ఫోటో అడిగి. బావ కెమెరా ఎత్తాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, "కుడిబుగ్గ కనపడేట్టు తిరుగు తల్లీ" అన్నాడు.

"ఉహూఁ. ఇటే."

క్లిక్కుమంది. బావ కెమెరా దించి, పిల్ల వైపు చూడకుండా అన్నాడు. "సరే, నువ్వే గెలిచావు. ఇవ్వాళే బొమ్మలు తీసేస్తా. ముందు ఈ దరిద్రాన్ని గీకి పారెయ్."

గెలిచిన ఊపులో పెయింటరు గీకుడు బ్లేడు అందుకున్నాడు. మడ్‌గార్డు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాన్నా, ఎందుకు గీకేస్తున్నావు?" పిడుగు మొహం ముడుచుకుపోయింది. "బాలేదా అది?"

చెయ్యి అక్కడే ఆగిపోయింది. బావ అద్దంలో రాసిందే, ఆ మచ్చ చెరిపెయ్యాల్సిన దరిద్రమనే, తను ఇనుము మీద రాశాడు. బావైతే సంపాదనకి రాశాడు, తను శిక్షగా రాశాడు. ఆ ముక్క తనకి తనే ఒప్పుకోవాల్సి వచ్చినందుకు బావ మీద కోపం ఇంకో రెండింతలైంది.

బ్లేడు అవతల పారేసి స్పానరు తీశాడు. ఒక్కొక్క బోల్టే విప్పి మడ్‌గార్డుని ఊడదీశాడు. "చాలా బావుంది తల్లీ. మామయ్యకి ఇవ్వడం ఎందుకని మనమే ఉంచుకుంటున్నాం."

"మరి నా కారు సంగతి?" అని బావ గుడ్లురిమాడు.

"కొత్తది బిగిస్తా. నా ఖర్చు."

"పెళ్ళివాళ్ళు డబ్బంతా వెనక్కి లాక్కున్నారు. అదో?"

"అదీ పారేస్తా నీ మొహాన. సాయంత్రానికి అద్దం ఖాళీగా లేకపోతే మాత్రం ఈసారి కారు కాదు, నీ దుకాణం తలుపులకి కొడతా ఎరుపు."

సాయంత్రానికి అద్దం ఖాళీ అయింది. ఇంట్లో పటాన్ని భార్యే దించి, బీరువా పైన బోర్లా పెట్టింది. తను దాచుకున్న డబ్బు తెచ్చి ఇచ్చింది. మడ్‌గార్డు షెడ్డు ముందు గోడకెక్కింది. బడి నుంచి వస్తూ పిడుగు రోజూ దాన్ని ఒకసారి తట్టి లోపలికొస్తుంది.

పగ చల్లారిందా అంటే, ఎక్కడ చల్లారింది? బావ ఎదురైతే పెయింటరు ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఆ రోజు ఎగిరిపోయిన డబ్బు మాత్రం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాడు: కొత్త మడ్‌గార్డుకి తొమ్మిది వేల రెండొందలు, రంగుకి నాలుగువేల అయిదొందల యాభై, పెళ్ళి పోయినందుకు బావ మొహాన కొట్టింది ఇరవై ఎనిమిది వేలు. అంతా కలిపి నలభై ఒక్క వేల ఏడువందల యాభై.