కిరాయి పేరు

పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అతను లక్ష్మణ్. రెండు నుంచి రాత్రి పది దాకా జంగయ్య. మనిషి ఒక్కడే. తోసే ట్రాలీలు అవే, ఎయిర్‌పోర్టు కారు పార్కింగులో అరికాళ్లు కాల్చే నేలా అదే. మారేది రిజిస్టర్లో పేరు ఒక్కటే. లక్ష్మణ్‌గా ఉన్నంతసేపు పెన్నుతో సంతకం చేస్తాడు, పదో తరగతి పాసైన మనిషి కదా. జంగయ్యగా మారగానే చదువంతా మరిచిపోయి ఎడమ బొటనవేలు సిరాలో అద్దుతాడు.

అసలు జంగయ్య ఒకడు ఉండేవాడు. మహేశ్వరం అవతల ఏదో ఊరి నుంచి వచ్చి, మూడు నెలలు ట్రాలీలు తోసి, ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేశాడు. మనిషి పోయాడు గాని పేరు పోలేదు. సూపర్‌వైజర్ రాఘవేందర్ పోనివ్వలేదు. ఎనిమిది గంటలు దాటి పని చేయించుకుంటే ఆపై గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం ఉంది. అదే ఇంకో పేరు మీద చేయిస్తే రెట్టింపూ లేదు, చట్టానికి కోపమూ లేదు. అలా కాంట్రాక్టరుకు లాభం, రాఘవేందర్‌కు నెలకు ఐదు వందలు పేరు కిరాయి, లక్ష్మణ్‌కు ఇంకో జీతం. ముగ్గురికీ ఒకేసారి మేలు జరిగే ఏర్పాటు ఆ చుట్టుపక్కల ఇంకొకటి ఉండి ఉండదు.

ఇంకో జీతం ఎందుకంటే, మొదటిది చాలదు గనుక. కనీస వేతనం అని సర్కారు ఒక లెక్క కట్టింది. కట్టిన పెద్దమనుషులు శంషాబాదులో ఒక్క నెలైనా గది కిరాయికి దిగి చూశారో లేదో తెలియదు. అది రెండు వేల పన్నెండో సంవత్సరం. కోతలు పోను లక్ష్మణ్ చేతికి ఐదు వేల రెండు వందలు వచ్చేవి. గదికి రెండు వేలు, కరెంటు వేరే. సొంతూరు మంఖాల్లో తల్లి ముత్తమ్మ దగ్గరుంటే కిరాయి గొడవే లేదు. కాని పొద్దున ఆరింటికి డ్యూటీలో ఉండాలంటే ఆ వేళకు అక్కడి నుంచి బస్సు లేదు. అందుకని ఉద్యోగం కోసం గది, గది కోసం ఇంకో ఉద్యోగం. లక్ష్మణ్ జీతం పొట్టకు, జంగయ్య జీతం గదికి అని భార్య సుమలత పంచి పెట్టుకుంది.

లక్ష్మణ్ పేరు మీద ఇంకొకటి కూడా ఉంది, ఈఎస్ఐ కార్డు. సుమలతకు తొమ్మిదో నెల. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, ఆపరేషన్ తప్పదని ఈఎస్ఐ దవాఖానలో డాక్టరమ్మ తారీఖు రాసిచ్చింది. బయట చేయించుకుంటే ముప్పై వేలన్నారు. ఇక్కడ కార్డు చూపిస్తే చాలు. ఆ కార్డు మీద భర్త పేరు లక్ష్మణ్ అని ఉంది, జంగయ్య అని లేదు.

మే నెల మొదట్లో కొత్త మేనేజరు వచ్చాడు. పేరు చలపతి, తెనాలి వైపు మనిషి. పొద్దున సిటీ ఆఫీసులో పని చూసుకుని పన్నెండు దాటాక గాని ఎయిర్‌పోర్టుకు రాడు. వచ్చినా మనుషులను చూడడు, రిజిస్టర్లు చూస్తాడు. పార్కింగులో తిరిగే పచ్చ చొక్కాల్లో ఎవరు ఎవరో ఆయనకు ఇంకా తెలియదు. వచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం, మంచినీళ్ల డ్రమ్ము దగ్గర రాఘవేందర్ లక్ష్మణ్‌ను పక్కకు పిలిచాడు.

"ఒక మాట చెప్త, పరేషాన్ గాకు. ఒక మనిషిని తగ్గియ్యమని పైకెళ్లి కాయితమొచ్చింది. సార్ రిజిస్టర్లు ముందలేసుకొని నీ పేరు కాడ గీత గొట్టిండు."

"నా పేరా? నేనేం జేసిన అన్నా?"

"లేటు. మూడు నెలల్ల పదకొండు సార్లు లేటొచ్చినవ్. ఇగ నా చేతులేం లేదు."

లేటు కాక ఏమవుతుంది? రాత్రి పదింటికి జంగయ్య డ్యూటీ దిగి, షేర్ ఆటో దొరికించుకుని గదికి చేరేసరికి పదకొండు దాటుతుంది. తిని పడుకుంటే పన్నెండు. నల్లా నీళ్లు వచ్చేది నాలుగున్నరకు. నిండు మనిషి చేత బిందెలు మోయించలేక తనే లేచి పట్టి, పనివాళ్లను ఎక్కించుకుపోయే కంపెనీ వ్యాను కోసం పరుగెత్తితే ఒక్కోరోజు అందేది, ఒక్కోరోజు దాని పొగ మాత్రమే కనిపించేది.

"గట్లయితే జంగయ్యను తీసెయ్యమను అన్నా. నీకు దండం పెడ్త."

రాఘవేందర్ ఏడవలేక నవ్వాడు. "జంగయ్య రికార్డు ఎట్లున్నదో ఎరుకేనా నీకు? పద్నాలుగు నెలల్ల ఒక్క దినం లేటు లేదు, ఒక్క నాగ లేదు. గిసుంటోడు దొరకడని సార్ మురుస్తుండు. మూడొందలు పెంచి లీడర్ని జేస్తడంట."

జంగయ్యకు లేటెందుకవుతుంది! రెండింటి డ్యూటీకి పొద్దున ఆరింటికే వచ్చి కూర్చునే మనిషాయె. లక్ష్మణ్‌కు ఒళ్లు మండిపోయింది. తన కాళ్లతో నడిచి, తన చేతులతో తోసి, తన నిద్ర తిని బతికిన పేరు ఇవాళ ఏకై వచ్చి మేకై కూర్చుంది. ఆ జంగయ్య ఎదురుపడితే కాలరు పట్టుకునేవాడే, కాని ఆ కాలరు తన మెడకే ఉంది.

"ఒంటిగంటకు లక్ష్మణ్‌ను రమ్మన్నడు సార్. మూడింటికి జంగయ్యను," అన్నాడు రాఘవేందర్. "ఏం జేస్తవో నీ ఇష్టం. నా పేరు మాత్రం తియ్యకు."

ఉన్నది ఒక్క మొహం. ఒంటిగంటకు లక్ష్మణ్‌గా పోయి బతిమాలుకుంటే మూడింటికి జంగయ్య ఉండడు. జంగయ్యగా పోతే లక్ష్మణ్ ఉండడు. ఆ గంటసేపు అతను ఎన్ని ట్రాలీలు తోశాడో అతనికే తెలియదు. అక్కర్లేని వరసల్లోంచి తీసి అక్కర్లేని చోట పెట్టాడు. ఒంటిగంటకు ఆఫీసు దాకా నడిచాడు. ఆఫీసంటే పాత ఇనుప కంటైనరుకు కిటికీ కోసి కూలరు పెట్టినది. తలుపు దగ్గర చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని వెనక్కి వచ్చాడు. ఇంకోసారి పోయాడు. మూడోసారి లోపలి నుంచి "ఎవరది?" అని వినబడేసరికి కార్ల మధ్యకు పరుగెత్తాడు. దొంగతనం చేయని మనిషి దొంగలా ఒక జీపు వెనక నక్కి కూర్చోవలసి వచ్చినందుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఒంటిగంట దాటింది. రెండు కాగానే పోయి బొటనవేలికి సిరా రాసుకున్నాడు.

మూడింటికి చలపతి ఎదురొచ్చినంత పని చేశాడు. "రావయ్యా జంగయ్యా, కూర్చో. నీలాంటివాడు నలుగురుంటే నాకీ బీపీ మాత్రలు అక్కర్లేదు."

లక్ష్మణ్ కుర్చీ అంచున కూర్చున్నాడు. పొద్దుటి నుంచి కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"ఆ లక్ష్మణ్ ఉన్నాడే, రమ్మంటే రాలేదు. చూశావా లెక్కలేనితనం! మీ ఇద్దరిదీ ఒకే వీధి అని రాఘవేందర్ చెప్పాడు. ఈ కాగితం అతనికి ఇచ్చెయ్యి. తీసుకున్నట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

వేలిముద్రవాడు చదవకూడదు. కాని కళ్లు ఆగాయా? తన పేరు, దాని కింద రేపటి తారీఖు, ఆ రోజు నుంచి విధుల నుంచి తొలగించడమైనది అనే ముక్క, అన్నీ ఒక్క చూపుకే కనిపించాయి. ఆపరేషన్‌కు ఇంకా పందొమ్మిది రోజులుంది. పనిలోంచి తీసేసిన మనిషి కార్డు చూసి దవాఖానలో ఏమంటారో అతనికి తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు.

"సార్, గా లక్ష్మణ్ గురించి ఒక మాట చెప్పాల్నా?"

"చెప్పు."

ఇన్నేళ్లలో అతని గురించి ఎవరూ ఎవరికీ సిఫారసు చేయలేదు. ఇవాళ తనే చేసుకోవాలి, అదీ పరాయివాడి గురించి చెప్పినట్టు. "మంచోడు సార్. తాగడు. ఎవలి సొమ్ముకూ ఆశపడడు. పోయిన దసరాకు ఎవలో ట్రాలీల సామాన్ల సంచి మర్చిపోతే, కారు ఎనక ఉరికి ఇచ్చొచ్చిండు. ఆనికి జర నిద్ర తక్కువ, గంతే సార్. పెండ్లానికి దినాలు దగ్గర పడ్డయి. ఆపరేషన్ అన్నరు. కార్డు ఆని పేరు మీదనే ఉన్నది. గీ టైముల పని పోతే ఆగమైతడు."

అంటుంటే ఆ లక్ష్మణ్ మీద అతనికి నిజంగానే జాలి పుట్టింది. వాడెవడో గాని పాపం మంచివాడే అనిపించింది.

చలపతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు మాత్రం జాలి లేదనుకున్నావా? ఒక పేరు తగ్గాలని పైవాళ్ల ఆర్డరు. అతన్ని ఉంచాలంటే నిన్ను తీసెయ్యాలి. మరి ఒప్పుకుంటావా?" ఆ మాటతో ఎవడైనా నోరు మూసుకుంటాడని ఆయన ధీమా.

"ఒప్పుకుంట సార్."

చలపతి లేచి నిలబడ్డాడు. తోడబుట్టినవాళ్లే గజం స్థలం కోసం కోర్టుకెక్కడం చూసిన మనిషి ఆయన. బల్ల చుట్టూ వచ్చి, సిరా అంటిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "సరే, లక్ష్మణ్ ఉంటాడు. నీ మాట మీద ఉంటాడు. కాని ఒక్కటి. రేపు పొద్దున ఆరింటికే వస్తాను. నువ్వూ రావాలి. ఎవరి పుణ్యాన తన నోట్లోకి అన్నం పోతోందో నీ ఎదురుగానే ఆ మనిషికి చెప్పి తీరాలి."

గట్టెక్కానని లక్ష్మణ్ వదిలిన ఊపిరి సగంలోనే ఆగిపోయింది. పొద్దున ఆరింటికి ఇద్దరు ఎక్కడి నుంచి వస్తారు? అబద్ధమాడితే పోతాడు, మాట్లాడకపోతే పోతాడు. అటూ ఇటూ చూశాడు. పారిపోవడానికి ఆ డబ్బాకు ఉన్నది ఒక్క తలుపే. పోయేది ఎలాగూ పోతుంది, నిజం చెప్పి పోదామనిపించింది.

"పొద్దున దాకా ఎందుకు సార్. లక్ష్మణ్ ఈడనే ఉన్నడు."

చలపతి తలుపు వైపు చూశాడు. అటు నుంచి ఎవరూ రాలేదు. లక్ష్మణ్ బల్ల మీది పెన్ను తీసుకుని, వేలిముద్ర వేయాల్సిన చోట కె. లక్ష్మణ్ అని గుండ్రంగా సంతకం చేసి కాగితం ఆయన ముందుకు జరిపాడు. "నేనే సార్. ఇద్దరం నేనే."

చలపతికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. దొంగ వేషాలన్నాడు, పోలీసులన్నాడు, రాఘవేందర్‌ను కేకేశాడు. రాఘవేందర్ వచ్చి గోడకు అతుక్కుని నిలబడ్డాడు. పొద్దుటి రిజిస్టరు, మధ్యాహ్నం రిజిస్టరు పక్కపక్కన తెరిచి చలపతి ఒక్కో రోజు మీదా వేలు పెట్టి చూశాడు. ఇటు సంతకం, అటు వేలిముద్ర. ఇటు సంతకం, అటు వేలిముద్ర. నాలుగు పేజీలు తిప్పేసరికి ఆయన గొంతు తగ్గింది.

"మరి నువ్వు నిద్రపోయేదెప్పుడయ్యా?"

"ఆదివారం సార్."

ఇది పైకి రాస్తే పద్నాలుగు నెలల రెట్టింపు కూలి లెక్క తేలుతుంది. ఆ లెక్క చలపతి నోటి దాకా వచ్చి ఆగింది. ఆయనకూ ఇంట్లో పిల్లల కాలేజీ ఫీజులున్నాయి. రెండు రిజిస్టర్లూ మూసి, సంతకం చేసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. జంగయ్య మానేసినట్టు రాయమని రాఘవేందర్‌కు చెప్పాడు. లక్ష్మణ్ వైపు తిరిగి, "నీ ఉద్యోగం నీకుంది, నీ కార్డు నీకుంది. ఈ పాడు పని ఇవాళ్టితో సరి. ఎనిమిది గంటలంటే ఎనిమిది గంటలే, నిమిషం ఎక్కువ ఉన్నా ఊరుకోను. ఇంటికి పోయి హాయిగా పడుకో," అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు.

షేర్ ఆటోలో లక్ష్మణ్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కార్డు దక్కింది, సుమలత గండం గడుస్తుంది. ఆ సంతోషం శంషాబాదు బస్టాండు దాకా అతనితో వచ్చింది. అక్కడ దిగి, కిరాణా దుకాణం ముందు కూర్చున్న గది ఓనరు సక్కుబాయిని చూడగానే అది దిగకుండా ఆటోలోనే వెళ్లిపోయింది.

ఎండ ఇంకా ఉండగానే భర్త గడపలోకి రావడం చూసి సుమలత హడలిపోయింది. "ఏమైంది? దెబ్బ తాకిందా?"

జరిగిందంతా చెప్పాడు. ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని దేవుడికి మొక్కింది, మేనేజరు పిల్లలు చల్లగుండాలంది. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. చివరికి మెల్లగా, "మరి కిరాయి ఎట్ల?" అంది. అని, తనే నాలుక్కరుచుకుని, "ముందుగాల జర పండు. మొహం జూడు ఎట్ల పీక్కపోయిందో," అంటూ చాప పరిచింది.

పడుకున్నాడు. పద్నాలుగు నెలలుగా కలగన్న నిద్ర అది, ఇప్పుడు పిలిచినా రాలేదు. ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు. మోకాళ్లు వాటంతటవే ఏదో తోస్తున్నట్టు కదిలాయి. ఒకటో తారీఖుకు రెండు వేలు. మళ్లీ వచ్చే ఒకటికి రెండు వేలు. అప్పటికి గదిలో ముగ్గురు. అరగంట ఓపిక పట్టి, ఇక పట్టలేక లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని సుమలత అడగలేదు, మంచినీళ్ల చెంబు అందించింది.

బెంగళూరు రోడ్డు మీద పండ్ల గోదాము ఉంది. అక్కడ సాయంత్రం ఆరు నుంచి పది దాకా లారీలు దించడానికి మనుషులు కావాలని ఆటోలో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. గేటు దగ్గర దశరథం అనే గుమాస్తా రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. లక్ష్మణ్ భుజాలు చూశాడు, చేతులు చూశాడు, సరేనన్నాడు.

"ఇంకేడనన్న పని జేస్తున్నవా? రిజిస్టర్ల పేరున్నదా?"

"ఉన్నదన్నా. ఎయిర్‌పోర్టుల."

"గట్లయితే గా పేరు ఈడ నడ్వది. రెండు తావుల్ల దొరికితే నాకే మాటొస్తది." దశరథం పేజీ తిప్పి, పెన్ను మూత తీసి తలెత్తాడు. "మరి ఏం పేరు రాయమంటవ్?"

లక్ష్మణ్ ఆ పేజీలోని వరసల మీద చూపు నిలిపాడు.

"మీ కాడ ఏ పేరు ఖాళీగ ఉంటే గదే రాయన్నా."