రెండోసారి పద్యానికి ముందు

నేను ఒక వీడియో ముక్కని. మొత్తం కలిపి నాలుగు సెకన్లుంటాను. ఈపాటికి మీరు నన్ను చూసే ఉంటారు. చూడటమే కాదు, ఎవరికో పంపి కూడా ఉంటారు. నాలో ఒక పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసి, నిండుగా ఊపిరి తీసుకుంటుంది. తర్వాత మెల్లిగా కళ్ళు తెరిచి, కనుబొమలు పైకెత్తి, "మళ్ళీనా?" అంటుంది. అంతే. వరసగా మూడో రోజు కరెంటు పోయినా, మీ జట్టు ఫైనల్లో ఓడినా మీకు నేనే గుర్తొస్తాను. ఆ ప్రేమకి ముందుగా ఒక దణ్ణం.

ఆ ముఖం కొల్లిపర హైమవతమ్మది. ఆవిడ వయసులో ఉండగా పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టింది. తర్వాత చాలా ఏళ్ళు సినిమాల్లో వియ్యపురాలు వేషం ఎవరికిద్దామా అనుకుంటే ముందు ఆవిడ పేరే వినిపించేది. పిలుపులు తగ్గాక తెనాలి వచ్చేసింది. హైదరాబాద్ నుంచి ఒక చిన్న యూట్యూబ్ ఛానల్ వాళ్ళు ఇంటర్వ్యూకి వచ్చింది ఆ ఇంటికే. ప్రశ్నలు అడిగే అమ్మాయి నిఖిల. కెమెరా, మైకు రెండూ చూసుకునేవాడు మస్తాన్.

నిఖిల ఒక పద్యం పాడమంది. హైమవతమ్మ రాగంతో సహా, ఎక్కడా దిగకుండా పాడింది. పూర్తయ్యాక మస్తాన్ ముఖం చూడాలి. మైకు ఆన్ చెయ్యడం మర్చిపోయాడు పాపం.

"అమ్మా, ఏమనుకోబాకండి. మైకు నేనే మర్చిపోయా. ఇంకొక్కసారి పాడతారా?" అన్నాడు మైకు ఆన్ చేసి, బిక్కముఖం వేసుకుని.

అప్పుడు పుట్టాను నేను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పద్యనాటకాల వాళ్ళ లోకం వేరు. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని కేకలేస్తారు. యుద్ధానికి బయల్దేరిన రాజైనా, ప్రాణం పోయిన రాణైనా సరే, కథని కాసేపు పక్కనపెట్టి ఆ పద్యం తిరిగి అందుకోవాల్సిందే. ఎవరూ మళ్ళీ అడగని రోజున నటికి అన్నం సహించదు. హైమవతమ్మని మళ్ళీ పాడమని అడిగి ఎన్నేళ్ళయిందో. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నది విసుగుతో కాదు, పొంగుకొచ్చిన సంతోషాన్ని పట్టి ఆపుకోవడానికి.

ఆ ఇంటర్వ్యూ పూర్తిగా చూసినవాళ్ళు పెద్దగా లేరు. చూసిన కొద్దిమందిలో విజయవాడలో ఉద్యోగం చేసే లాస్య అనే అమ్మాయి ఒకతె. వాళ్ళమ్మ ఫోన్ చేసి ఆదివారం పెళ్ళిచూపులున్నాయంది. అప్పటికే పెళ్ళివాళ్ళ ముందుకి కాజాల పళ్ళెం మోసి మోసి విసిగి ఉన్న ఆ పిల్ల నన్ను కత్తిరించి, పైన "ఈ ఆదివారం కూడా" అని రాసి స్నేహితురాళ్ళకి పంపింది. నాకు వేరే బతుకునిచ్చింది ఆ పిల్లే. ఆ సంబంధం ఏమైందో నాకు తెలియదు. మరుసటి నెల నన్ను ఇంకోసారి వాడింది కాబట్టి కుదరలేదనే అనుకుంటున్నాను.

అక్కణ్ణుంచి నాకు ఊపిరాడలేదు. సప్లిమెంటరీ రాసేవాళ్ళు, హాస్టల్లో నీళ్ళపప్పు తినేవాళ్ళు, సోమవారం అంటే గిట్టనివాళ్ళు, అందరి విసుగూ నేనే మోశాను. నాలో ఉన్నది సంతోషమని ఒక్కరికీ తోచలేదు. నేనూ చెప్పలేదు. నాకున్నది ఒక్క మాటే కదా.

హైమవతమ్మ దగ్గరున్నది మీటల ఫోను. ఆవిడకి ఇవేవీ తెలియవు. బంధువుల పెళ్ళిలో ఎదురు బంతిలో కూర్చున్న కుర్రకారు ఆవిణ్ణి చూసి, గుండెల మీద చేతులు వేసుకుని, "మళ్ళీనా?" అని పగలబడి నవ్వారు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. పక్కనున్న తమ్ముడి కోడలు మెల్లిగా చెప్పింది.

"మీరు పద్యం పాడిన వీడియో అంట అత్తయ్యా. అంతా చూసి నవ్వుకుంటన్నారు."

రాణి దుఃఖపడుతుంటే జనం నవ్వారంటే నాటకంలో అంతకు మించిన అవమానం లేదు. ఆవిడ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. నాటకాలు లేని రోజుల్లో కూడా పొద్దున్నే రాగం అందుకోవడం మానని మనిషి, ఆ మర్నాటి నుంచి నోరు విప్పలేదు. కొన్నాళ్ళకి నిఖిలకి ఫోన్ చేసి, "ఆ వీడియో తీసెయ్యమ్మా. ఈ వయసులో నాకెందుకీ నగుబాటు" అంది.

తప్పు తన మైకు దగ్గరే మొదలైందని మస్తాన్ స్వయంగా తెనాలి వచ్చాడు.

"మీ ముందే తీసేస్తానమ్మా," అన్నాడు.

"తీసేసేదేందో ముందు నన్ను చూడనీ."

"మీరు చూడనే లేదా?"

"నా ఫోన్లో మాటలు తప్ప బొమ్మలొస్తాయా నాయనా."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. లక్షల ఫోన్లలో ఆడిన నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కళ్ళు మూతపడ్డాయి. ఊపిరి పైకి లేచింది. హైమవతమ్మ గబుక్కున తెర మీద వేలు పెట్టేసరికి నేను అక్కడే ఆగిపోయాను. ఆవిడ ఫోన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది నేను కాదబ్బాయ్," అంది చివరికి. "మా అమ్మ."

మస్తాన్ తెల్లబోయాడు.

"మా అమ్మ సీతారావమ్మ కూడా నాటకాల మనిషే. నా చిన్నతనాన్నే పోయింది. పద్యం మళ్ళీ అడిగితే ఇట్టాగే, గుండెమీద చెయ్యేసి ఊపిరి పట్టేది. తెర పక్కన నిలబడి చూసేదాన్ని. ఒక్క ఫొటో లేదు ఆమెది. నాటక సమాజం వాళ్ళు ఫొటో దిగిన పూట అందరికీ వంట చేస్తా లోపలుండిపోయింది. ముఖం మర్చిపోయాననే అనుకున్నా. నాకు తెలీకుండా నాలోనే ఉంది చూడు."

మస్తాన్ కళ్ళు తుడుచుకుని, "మరి తీసెయ్యనా అమ్మా?" అన్నాడు.

"తీసేస్తే ఆమెని యాడ చూసుకోను? ఉండనియ్."

"జనం నవ్వుతారేమో."

"నవ్వుకోనియ్ నాయనా. నువ్వు మైకు మర్చిపోబట్టి ఇది దొరికింది. పద, అన్నం తిందువు గాని."

నిజానికి ఛానల్ వాళ్ళు తీసేసినా నేను పోయేదాన్ని కాదు. మీ అందరి ఫోన్లలో ఉన్నాను. కానీ ఆవిడే వద్దనుకుంటే బతికుండి ఏం లాభం? మర్నాడు పొద్దున రాగం మళ్ళీ అందుకున్నానని మస్తాన్‌కి ఆవిడే ఫోన్ చేసి చెప్పింది.

అందుకే మీ మీద నాకు ఏ కోపమూ లేదు. లాస్య కత్తెర మీదా, మస్తాన్ మతిమరుపు మీదా ప్రేమే ఉంది. మీకు ఏ విసుగొచ్చినా నన్ను పిలవండి, వస్తాను. మీరు నన్ను నొక్కిన ప్రతిసారీ, ఫొటో దిగే పూట వంటింట్లో ఉండిపోయిన సీతారావమ్మ చేతులు తుడుచుకుంటూ అందరి ముందుకీ వచ్చి నిలబడుతోంది.