ఈత బ్యాడ్జి

"ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, ఇవి కూడా కుట్టెయ్" అంటూ మా ఆయన ఒక సంచి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. చెప్పులైనా విప్పకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

కూర్చోవడం అంటే అప్పుడే, ఆ నిమిషంలోనే. శనివారం ఒంటిపూట ఆఫీసు. బయల్దేరబోతుంటే మేనేజరు పిలిచి, "మేడం, మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, మీటింగు వివరాలు మీరే రాసెయ్యండి" అన్నాడు. ఆ మీటింగులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ముత్యాలు కూడా నా ఒక్కదాని దగ్గరే ఉంటాయి కాబోలు. అది రాసిచ్చి, బస్సులో నిలబడి వచ్చి, బట్టలు ఉతికి ఆరేసి, అత్తగారికి మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టి, అప్పుడు కూర్చున్నాను. ఆ కాస్తా ఆయన కంట పడింది.

సంచిలో పిల్లల స్కౌటు చొక్కాలు. ఒక కవరు నిండా నీలం బ్యాడ్జీలు, గుండ్రంగా, మధ్యలో రెండు తెల్లటి అలలు. ఈత బ్యాడ్జి అది. ఆదివారం మా ఇంట్లో క్యాంపు ప్లానింగ్ మీటింగు. పిల్లలు కూడా యూనిఫాంలో వస్తారు, ఫోటో తీస్తారు. అంటే తెల్లారేసరికి ఇవన్నీ చొక్కా చేతుల మీద ఉండాలి.

మొదట్లో ఎవరి పిల్లలవి వాళ్ళ అమ్మలే కుట్టుకునేవాళ్ళు. ఒకసారి మా ఇంట్లో జరిగిన తల్లిదండ్రుల మీటింగులో మా ఆయన లేచి, "మీరెవరూ శ్రమ పడకండి, అవన్నీ మా ఆవిడ చూసుకుంటుంది" అన్నాడట. నేను అప్పుడు వంటింట్లో కప్పులు కడుగుతున్నాను. హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. ఎందుకు కొట్టారో మర్నాడు గుమ్మంలో చొక్కాల మూట చూశాక తెలిసింది.

ఈ స్కౌటు దళం పెట్టింది మేమిద్దరం. నిజం చెప్పాలంటే నేనే. చిన్నప్పుడు ఆడపిల్లల దళంలో పెరిగాను నేను. తాళ్ళతో ముళ్ళు వెయ్యడం, దారి గుర్తులు చదవడం, చలిమంట దగ్గర పాటలు, ఈత, అన్నీ అక్కడ నేర్చుకున్నవే. పెళ్ళయ్యాక ఈ వీధి పిల్లలు సాయంత్రాలు ఊరికే తిరుగుతుంటే చూసి, మనమూ పెడదామా అని అడిగింది నేను. మా అమ్మాయి పుట్టగానే "కొన్నాళ్ళు రెస్టు తీసుకో" అన్నాడు ఆయన. దానికి పదేళ్ళొచ్చాయి, నా రెస్టు ఇంకా అవలేదు. ఆ రెస్టులోనే క్యాంపుల ప్లాన్లు రాశాను, ముళ్ళ బొమ్మలు గీశాను, పాటలు కట్టాను, బ్యాడ్జీలు కుట్టాను. నేను రాసింది ఆయన చదువుతాడు. "ఎంత ఓపికండీ మాస్టారూ" అని కమిటీవాళ్ళు మురిసిపోతారు. స్కౌటు మాస్టారు అన్న పిలుపు వినపడితే ఆయన నడక కూడా మారిపోతుంది. ఒకసారి మా అత్తగారి దగ్గర నోరు జారాను, ఇదంతా నేను చేస్తున్నదే కదా అని. "మొగుడు నలుగురిలో గౌరవంగా తిరుగుతుంటే ఆ మాత్రం చెయ్యకూడదూ? నీ పేరెందుకే మధ్యలో" అంది ఆవిడ. ఆవిడనీ ఏమనలేను. ఆవిడ పేరు కూడా ఎవరూ పిలవగా నేను వినలేదు.

సూదిలోకి రెండు పోగుల దారం ఎక్కించి కూర్చున్నాను. నేను కుడితే పిల్లలు చెట్లెక్కినా ఊడదు. కుడుతుంటే కళ్ళు ఎదురుగా కొక్కేనికి వేలాడుతున్న ఆయన చొక్కా మీదికి పోయాయి. దాని చేతి మీద కూడా ఇదే బ్యాడ్జి, కాస్త పెద్దది, చుట్టూ బంగారు రంగు అంచు. మాస్టర్ల శిక్షణకి వెళ్ళొచ్చినప్పుడు తెచ్చుకున్నాడు. "అందరికీ ఇచ్చేశారులే" అన్నాడు. కుట్టింది నేనే.

ఆయనకి ఈత రాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. పెళ్ళైన కొత్తలో సముద్రానికి తీసుకెళ్ళాడు. పాదాలు తడవగానే వెనక్కి తగ్గి ఇసకలో కూర్చున్నాడు. నేను ఎన్నాళ్ళకో నీళ్ళు కనపడ్డ సంతోషంలో లోపలికంటా ఈదుకుంటూ పోయి తిరిగొచ్చాను. వచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది. "అందరూ నిన్నే చూస్తున్నారు" అన్నాడు, తువ్వాలు నా మీదికి విసిరి. అంతే, మళ్ళీ నేను నీళ్ళలో దిగలేదు. ఎవరూ వద్దనలేదు. దిగబుద్ధి కాకుండా చేశాడు, అంతే.

మా అమ్మాయి వచ్చి పక్కన చతికిలబడింది. మామూలుగా కొత్త బ్యాడ్జి అంటే నా భుజం మీద ఊగుతుంది, నాదే ముందు, నాదే ముందు అని. ఇప్పుడు మాత్రం దారపు ఉండ దొర్లిస్తూ కూర్చుంది.

"నాది కుట్టేశావా అమ్మా?"

"కుట్టేశాను. చూసుకో."

చూడలేదు. "నేను ఈదలేదమ్మా" అంది.

"అదేంటి? పోయినవారం పూల్‌కి వెళ్ళారుగా?"

"వెళ్ళాం. కమ్మీ పట్టుకుని కాళ్ళు ఆడించాం. తర్వాత నడిచాం, ఇక్కడిదాకానే నీళ్ళు." నడుం మీద చెయ్యి పెట్టి చూపించింది. "పిచ్చుక అసలు దిగనే లేదు. ఏడ్చింది. అందరి తువ్వాళ్ళూ పట్టుకుని గట్టు మీద కూర్చుంది."

పిచ్చుక అంటే వెనక వీధి బేకరీవాళ్ళ పిల్ల. అంత పలచగా ఉంటుందని అందరూ అలాగే పిలుస్తారు. ఆ పిల్ల చొక్కా అప్పుడే కుట్టి మడత పెట్టాను.

"మరి నాన్న ఏమన్నాడు?"

"ఫోన్లో మాట్లాడుతున్నాడు. అది అయ్యాక అందరూ పాస్ అన్నాడు." దారపు ఉండ వదిలేసి, "ఎవరికీ చెప్పకూడదా అమ్మా?" అని అడిగింది.

నా చేతిలో సూది ఆగిపోయింది. మిగతా బ్యాడ్జీలు వేరు. వంట బ్యాడ్జి ఉన్న పిల్లకి గుడ్డు ఉడకబెట్టడం రాకపోతే నవ్వుకుంటాం. ఇది అలా కాదు. క్యాంపు జరిగేది సరస్సు ఒడ్డున. అక్కడ తాడు కట్టి రెండు వైపులు చేస్తారు. ఈ బ్యాడ్జి లేని పిల్లలు తాడుకి ఇవతల, మోకాలిలోతులో ఆడుకుంటారు. ఉన్నవాళ్ళు అవతలికి వెళ్ళి చెక్క వంతెన మీంచి దూకొచ్చు. అవతల నీళ్ళు ఇద్దరు మనుషుల లోతు. అక్కడ కాపలా ఉండేవాడికి మన పిల్లలెవరో తెలియదు. వాడు చూసేది చొక్కా చెయ్యి. బ్యాడ్జి ఉంటే పొమ్మంటాడు.

మునిగిపోవడం ఎలా ఉంటుందో నేను చూశాను. చిన్నప్పుడు మా దళంలో నా పక్కనే ఈదుతున్న పిల్ల మునిగింది. కేక వెయ్యలేదు, చేతులు కొట్టుకోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది, అంతే. తిరిగి చూస్తే నీళ్ళ మీద జుట్టు మాత్రం కనపడింది. ఆ జుట్టే పట్టుకుని లాగాను. బతికింది. ఆ తడి జుట్టు నా గుప్పిట్లో ఎలా ఉందో ఇప్పటికీ గుర్తే. పిచ్చుకకి జుట్టు కూడా మెడదాకానే. నాకు భయం వేసింది.

ఆయన ఇంటికి రాగానే అడిగాను.

"ఒక్కొక్కళ్ళనీ ఈదించి చూస్తూ కూర్చుంటే అయ్యే పనేనా? క్యాంపుకి స్కౌట్ల కమిషనరుగారు వస్తున్నారు. మన దళంలో అందరికీ ఈత బ్యాడ్జి ఉందంటే ఎంత పేరు!" అన్నాడు.

"పేరు సంగతి సరే. పిల్లలు నీళ్ళలోకి దిగితే?"

"నేనుంటాగా."

ఆ మాట నాతో అన్నాడు. ఇసకలో కూర్చున్న మనిషి, నా మొహం చూస్తూ. "మీకు ఈత..." అనబోయాను. ఒక్కసారి గుడ్లురిమి చూశాడు. వెంటనే చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతుతో, "నీ పని కుట్టడం. అది నువ్వు బాగా చేస్తావు. ఆలోచించడానికి మేమున్నాం కదా" అన్నాడు.

సిగ్గుపడుతూనే చెప్తున్నాను, మిగిలినవి కూడా కుట్టాను. చేతులకి అలవాటు. బుర్ర ఒద్దంటున్నా అవి కుట్టుకుపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం కమిటీ వచ్చింది. మందుల షాపాయన, రిటైరైన హెడ్మాస్టారు, బస్సులాయన. పిల్లలు ఇస్త్రీ చొక్కాల్లో వాకిట్లో ఆడుకుంటున్నారు. హాల్లో ఉన్నవి నాలుగు కుర్చీలు. అవి సరిగ్గా సరిపోయాయి. నేను వంటింట్లో టీ కాస్తూ, నేను రాసిన క్యాంపు ప్లానుని ఆయన గొంతులో విన్నాను. నేను తప్పు కొట్టేసి పైన దిద్దిన చోట ఆయన తడబడ్డాడు కూడా.

తర్వాత నేను రాయనిది వచ్చింది.

"రెండో రోజు కమిషనరుగారి ముందు మన పిల్లలందరూ వంతెన మీంచి ఒకేసారి దూకుతారు. విజిల్ వెయ్యగానే బారులు తీరి. ఫోటోకి అదిరిపోతుంది."

"భేష్" అన్నారు హెడ్మాస్టారు.

"అందరికీ వచ్చా ఈత?" మందుల షాపాయన అడిగాడు. పాపం, ఆయనొక్కడికే ఆ అనుమానం వచ్చింది.

"బ్యాడ్జీలు చూడండి సార్, అందరి చేతుల మీదా ఉన్నాయి."

నేను టీ ట్రేతో గుమ్మంలో ఉన్నాను. ట్రే బల్ల మీద పెట్టాను. కప్పులు అందివ్వలేదు. "పిల్లలకి ఈత రాదండీ. పూల్‌లో నడిపించి తీసుకొచ్చేశారు. పిచ్చుకైతే నీళ్ళే ముట్టుకోలేదు" అన్నాను. ఆ హాల్లో నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

మా ఆయన నవ్వాడు, ఎంతో ముచ్చటగా. "మా ఆవిడకి చిన్నప్పట్నించీ నీళ్ళంటే భయం సార్. బకెట్లో నీళ్ళు చూసినా కంగారు పడుతుంది."

అందరూ హాయిగా నవ్వారు. "ఆడవాళ్ళు కదండీ, తల్లి మనసు" అన్నారు హెడ్మాస్టారు. బస్సులాయన కప్పు అందుకుని, "అమ్మా, నాకు పంచదార లేకుండా చెప్పానే" అన్నాడు.

ఇన్నేళ్ళలో నా ప్లాన్లు తీసుకున్నాడు, పాటలు తీసుకున్నాడు, ఆదివారాలు తీసుకున్నాడు. ఊరుకున్నాను. ఇప్పుడు నా ఈత తీసుకుని తన భయం నాకు తగిలించాడు. కోపం వచ్చిందంటే చిన్నమాట. అయినా అరవలేదు. అరిస్తే తల్లి మనసు అంటారు, మళ్ళీ నవ్వుతారు. లోపలికెళ్ళి కుట్టు డబ్బాలోంచి చిన్న కత్తెర తీసుకున్నాను. మంచం మీంచి అత్తగారు "ఎక్కడికే, మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే" అంది. వంటింటి తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను.

"పిచ్చుకా, ఇలా రా."

వచ్చింది. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, కత్తెర మొన బ్యాడ్జి కిందికి పోనిచ్చాను. రెండు పోగుల దారం, ఊరికే రాదు. ఒక్కో కుట్టూ తెంపాలి. ఆ పిల్ల కదలకుండా నిలబడింది. బ్యాడ్జి ఊడి నా ఒళ్ళో పడగానే, "ఇంక నేను దూకక్కర్లేదా ఆంటీ?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా."

ఆ మొహం వెలిగిపోయింది. అంటే ఆయన పూల్ దగ్గరే పిల్లలకి చెప్పేశాడన్నమాట, దూకాలని ఈ పిల్లకి తెలుసు. తెలిసే, ఎవరికీ చెప్పకుండా వారమంతా మోస్తోంది.

మా అమ్మాయి పిలవకుండానే వచ్చి చెయ్యి చాపింది. దాని వెనక ఇంకొకళ్ళు. ఒక్క పిల్ల మాత్రం చెయ్యి వెనక దాచుకుని, "నాకు నిజంగా వచ్చు ఆంటీ, మా మావయ్య నేర్పాడు" అంది.

"పూల్‌లో ఈది చూపించు, అక్కడే కూర్చుని కుడతాను" అన్నాను. కాస్త ఆలోచించి అదీ చెయ్యి ఇచ్చింది.

కిటికీలోంచి చూశారు కాబోలు, హాల్లోంచి అందరూ బయటికొచ్చారు. మా ఆయన పరుగులాంటి నడకతో వచ్చి, "పిచ్చెక్కిందా? పదిమందిలో నా పరువు తీస్తున్నావు" అన్నాడు, పళ్ళ మధ్యనించి. నేను తలెత్తలేదు. చేతిలో కత్తెర, పక్కన పిల్ల చెయ్యి. చూపు తిప్పకూడదు.

"నీకే చెప్పేది. సాయంత్రానికల్లా అన్నీ మళ్ళీ కుట్టెయ్."

ఆఖరి పిల్ల బ్యాడ్జి కూడా విప్పి, చొక్కా మీద మిగిలిన దారం ముక్కలు దులిపి పంపించాను. మందుల షాపాయన కళ్ళజోడు తీసి, నా ఒళ్ళో నీలం కుప్ప వంక చూశాడు.

"మాస్టారూ, ఏంటిది? పిల్లలకి నిజంగా రాదా?" అన్నాడు.

"వచ్చండీ, ఈవిడ భయం చూస్తున్నారుగా" అంటూ మా ఆయన మందుల షాపాయన వైపు తిరిగాడు. తిరిగేసరికి మా ఆయన చొక్కా చెయ్యి సరిగ్గా నా కళ్ళ ముందుకొచ్చింది. బంగారు అంచు ఎండకి మెరుస్తోంది. నేను కుట్టిన కుట్లు ఒక్కటైనా వదులవలేదు.

లేచి నిలబడ్డాను. కత్తెర కుడిచేతిలోనే ఉంది. ఎడమచెయ్యి ఆయన ముందుకి చాపాను.

"మీదీ ఇలా ఇవ్వండి" అన్నాను.

ఆయన చెయ్యి గబుక్కున వెనక్కి పెట్టుకున్నాడు. పిల్లలందరూ ఆ చెయ్యి వంకే చూస్తున్నారు.