బొటనవేలికి విశ్రాంతి

"నేను తోముతాలే. నువ్వు చెయ్యి తడపమాక," అన్నాడు ఏసుబాబు.

జయకుమారి అంట్ల గిన్నె వదిలి పక్కకు జరిగింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అతను మసిగిన్నె ముట్టుకోవడం ఆమె చూడలేదు. కాన్పయిన మూడో వారంలో కూడా "అంట్ల మీద ఈగలు ముసురుతున్నయ్, కనపడట్లా?" అని అత్త అంటే ఆమే లేచింది. ఇప్పుడు కొడుకు తోముతుంటే అదే అత్త అరుగు మీద కూర్చుని వక్క నములుతోంది. అన్నాలయ్యాక అతనే కొబ్బరినూనె తెచ్చి ఆమె కుడిచేతి బొటనవేలికి రాస్తున్నాడు. మిగతా నాలుగు వేళ్ళను వదిలేస్తున్నాడు.

ఆ వేలితో ఆమె పద్దెనిమిదేళ్ళు మిరపకాయల తొడిమలు తీసింది. తన పొలంలో కాసిన కాయలకే, కూలికి. ఆ ఎకరం ఆమెకు అమ్మ ఇచ్చింది. "పురుగుమందుల షాపు పెడతా, ఒక్క ముద్ర వెయ్యి" అని ఏసుబాబు దాన్ని తాకట్టు పెట్టించాడు. ఆనాడు సిరా ముద్ర బాగానే పడింది. అప్పు తీర్చలేదు. తాకట్టు పట్టినవాడు అది తన సొంతమన్నట్టు ప్రత్తిపాడు ఆసామికి అమ్మేశాడు. "పోయినదానికి ఏడుపెందుకు," అన్నాడు ఏసుబాబు. ఆమె ఏడవలేదు. కొత్త ఆసామి దగ్గరే పనికి కుదిరింది. ఎన్ని చేతులు మారినా తాకట్టు తాకట్టే, అప్పు కడితే పొలం నీదేనమ్మా అని బ్రాడీపేటలో ఒక వకీలమ్మ చెప్పాక ఏడేళ్ళు కోర్టు మెట్లెక్కింది. అతను ఒక్క వాయిదాకి తోడు రాలేదు. ఆమె కూలి డబ్బుతోనే అప్పు తీరింది. పోయిన నెల పొలం ఆమె పేరున పడింది.

"మొగుడుండగా ఆడదాని పేరున పొలమేంది?" అంది అత్త.

"నా పేరున రాయి జయా. దాని మీద లోను తీసి ట్రాక్టరు కొంటా," అన్నాడు ఏసుబాబు.

కాదన్నందుకు ఆమె చెవి రెండు రోజులు మోగింది. మూడో రోజు రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్ళాడు. వేలిముద్రల మిషన్ మీద పది వేళ్ళూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు.

"మిరప పని చేస్తదా? గీతలు అరిగిపోయినయ్," అన్నాడు దస్తావేజులు రాసే ఆయన. "వారం రోజులు ఏ పనీ చెప్పమాకండి. నూనె రాయండి. బొటనవేలొక్కటి పడినా చాలు."

ఏడో రోజు పొద్దున ఏసుబాబు ఆ వేలిని వెలుతురులో తిప్పి చూశాడు. సన్నగా గీతలు లేచాయి. ఆమె చేతిని చూసి అతను సంతోషపడటం అదే మొదలు.

"భలే వచ్చినయ్యే. రేపు పోదాం," అని ఆటో మాట్లాడటానికి వెళ్ళాడు.

ఆమె కూడా ఆ గీతల్ని కాసేపు చూసుకుంది. తర్వాత కొంగు బిగించి కల్లానికి నడిచింది.

"ఏం వదినా, మా అన్న నిన్ను మహారాణిని చేశాడంటగా. ఇటొచ్చావేంది?" అంది కూలీల మేస్త్రి మహిమ. ఆడవాళ్ళంతా నవ్వారు.

జయకుమారి కాయల కుప్ప ముందుకు లాక్కుంది.

"వేలికి గుడ్డ చుట్టుకో, మంట పుడద్ది."

"వద్దులే."

తొడిమను గోటితో గిల్లకుండా వేలి మెత్తదనం మీద నొక్కి మెలితిప్పింది. మధ్యమధ్యలో ఆ వేలినే సిమెంటు గచ్చుకేసి రాసింది. మధ్యాహ్నానికి చర్మం నున్నగా ఎర్రబడింది. రేపు ముద్ర పడదు. మళ్ళీ వారం నూనె రాస్తాడు. మళ్ళీ రావాలి.

సాయంత్రం మహిమ కాటా దగ్గర పుస్తకం తెరిచింది. "నీకెన్ని కేజీలు రాయను వదినా?"

"రాయమాక," అంది జయకుమారి. "ఇది నా సొంత పని."