పై టికెట్టు, నీలం మెత్త

ఆగండి, ఒక్క నిమిషం. చెవి ఇటు పెట్టండి. వినిపిస్తోందా? టంగ్... టంగ్... టటంగ్.

కొల్లాపూర్ బస్టాండు వెనక సందులో నర్సింగమ్మ ఇంటి ముందు రేకుల పందిరి కింద నుంచి వస్తోంది ఆ చప్పుడు. పాటా కాదు, పనిముట్టు విరిగిందీ కాదు, అది దూదేకే విల్లు. మనిషంత పొడుగు విల్లును పందిరి వాసానికి తాడుతో వేలాడదీసి, దాని నారిని పాత దూదిలో ముంచి, కట్టె గుండుతో ఒక్క దెబ్బ వేస్తే నారి వణుకుతుంది. ఆ వణుకుకు ఏళ్ల తరబడి మనుషుల బరువుకు అణగి గడ్డకట్టిన దూది విడిపోయి, తేలికై, పింజలు పింజలుగా గాల్లోకి లేస్తుంది. చూస్తే నమ్మలేం! రాయిలాంటి పరుపు కళ్లముందే మబ్బు అయిపోతుంది.

ఆ టంగుల మధ్య ఇంకో చప్పుడుంది, అదీ వినండి. సన్నటి ఈల. కుండలో నీళ్లు కాగే ముందు వస్తుందే, అలాంటిది. అది విల్లు కొడుతున్న అహ్మద్ అలీ ఛాతీలోది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఒక ఈల, బయటికి వచ్చేటప్పుడు ఇంకో ఈల. ముక్కుకు తువ్వాల కట్టుకున్నా దూది ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే ఫోటో వెలుగుకు పెట్టి చూసి ఈ పని మానుకొమ్మంది. మానుకొని ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు.

ఆయన కుడి భుజం ఎడమదానికన్నా ఎత్తు. చూపుడువేలి చివర దబ్బనం నొక్కీ నొక్కీ చిన్న గుంట పడింది, అందులో గింజ పెడితే నిలుస్తుంది. కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి నూగు. దూదేకే మిషన్లు వచ్చాక ఊళ్లో సగం మంది అటే పోయారు. మిషన్ దూదిని తెంపుతుంది, విల్లు దూదిని విడదీస్తుంది అని తెలిసినవాళ్లు మాత్రం ఇంకా అలీ సాయిబునే పిలుస్తారు. నర్సింగమ్మ కూడా అంతే. బిడ్డ కానుపుకు వస్తోంది, దానికి మెత్తటి పరుపు కావాలి.

పొద్దు నెత్తికెక్కేసరికి పరుపు తయారైంది. అలీ దాన్ని నేల మీద పరిచి అరచెయ్యి ఆనించి చూశాడు, మోచెయ్యి ఒత్తి చూశాడు, వంగి చెవి పెట్టి కూడా చూశాడు.

"జర కూసుండి చూడరాదు సాయిబన్నా, ఎత్తుపల్లాలు తెలుస్తయ్," అంది నర్సింగమ్మ.

"వద్దు చెల్లె."

"ఏమైతది?"

"అందులున్న నిద్ర నీ బిడ్డది. కుట్టినోడు ముందుగాల కూసుంటె ఒక కునుకు తగ్గుతది. మా నాయిన చెప్పిండు."

అదీ సంగతి! ఎన్ని ఇళ్లలో ఎన్ని పరుపులు, ఎందరు పెళ్లికూతుళ్లు, బాలింతలు, పక్షవాతం ముసలివాళ్లు ఈయన చేతి దూది మీద పడుకున్నారో. ఈయన మాత్రం తాను కుట్టినదాని మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇంట్లో పడుకునేది ఈతచాప మీద. ఆ చాప మీదే భార్య మెహరాజ్ కూడా. ఆమె దిండ్ల గలీబులూ, కట్టే నాడాలూ కుడుతుంది, వంగి వంగి నడుము పట్టేసి, లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంది.

దబ్బనాన్ని టోపీ అంచులో గుచ్చుకొని అలీ పొద్దుటి నుంచి నాలుక మీద నానుతున్న మాట బయటపెట్టాడు.

"చెల్లె, నువ్వు సోమశిల కాడ లాంచీ ఎక్కినవు గద. పై టికెట్టు మంచిదా, కింది టికెట్టు మంచిదా?"

"ఓరి దేవుడా! నువ్వు లాంచీ ఎక్కుతున్నవా?"

"మీ వదిన ఎక్కుత అంటాంది. ఇయ్యాల్నే."

నర్సింగమ్మ నవ్వి, చెంగుతో నోరు తుడుచుకొని చెప్పింది. "కింద చెక్కబల్లలు. పక్కన్నే ఇంజన్, ఒకటే పొగ. పైన కుర్చీలు, మెత్తలు, గాలి, ఒక చాయ్. ధర రెండింతలు. గవే నీళ్లు, గవే గుట్టలు. పైనుంచి చూస్తె కృష్ణమ్మ ఏమన్న తియ్యగైతదా?"

"పైనున్న మెత్తలు నేను కుట్టినయే."

"అయితె ఇంకేంది! నీ మెత్త మీద నువ్వు కూసునెటందుకు నువ్వే పైసలు కట్టాల్నా? మంచిగున్నది బేరం!" అని ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకు అలీ కూడా నవ్వబోయాడు, నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గేదాకా పందిరి గుంజ పట్టుకొని నిలబడ్డాడు.

మొన్న వానలు వెనకబట్టాక లాంచీవాళ్లు పై అంతస్తు కుర్చీలకు మెత్తలు కావాలన్నారు. నీలం గుడ్డ వాళ్లిచ్చారు. దూది ఏకింది అలీ, మూలమూలకూ నాడాలు కుట్టింది మెహరాజ్. పని అయిపోయి మెత్తలు ఆటోలో వెళ్లిపోయాక ఆమె గడపలో నిలబడి అడిగింది, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. "ఏమయ్యా, మన మెత్తలు నీళ్ల మీద పోతున్నయ్. మనం ఒక్కపారి పోవొద్దా?"

అందుకే ఈ రోజు.

మధ్యాహ్నం ఇద్దరూ ఆటోలో ఇరుక్కొని సోమశిల చేరారు. మెహరాజ్ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టుకుంది, కర్పూరం వాసన వస్తోంది. ఘాటు మెట్ల కింద కృష్ణ నిండుగా, కదలనట్టే కదులుతోంది. అవతల నల్లమల గుట్టలు నీళ్లలోకి మోకాళ్లు మడిచి కూర్చున్నట్టున్నాయి.

ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి అలీ టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లాడు. లోపల నరేశ్. టికెట్లు ఇచ్చేదీ వాడే, లాంచీ తాడు విప్పేదీ వాడే.

"అరె చాచా! నువ్వా! టికెట్టెందుకు, పైకి ఊకెనే ఎక్కు. మెత్తలు కుట్టినోడివి నువ్వు."

"ఊకెనే ఎక్కితె కుట్టినోడు కూసున్నట్టే అయితది బేటా. వద్దు."

"అయితె పైవి రెండు ఇయ్యాల్నా?"

అలీ కిటికీ చువ్వ పట్టుకొని ఆలోచించాడు. అక్కడే ఆగిపోయాడు మనిషి! వెనక లైనులో జనం గొణుగుతున్నారు. పైన గాలి ఉంది, ఆ గాలి తన ఛాతీకి కావాలి, అది తెలుసు. కింద పొగ ఉంది, అదీ తెలుసు. పై టికెట్టు కొనలేక కాదు, నర్సింగమ్మ ఇచ్చిన కూలి జేబులోనే ఉంది. కానీ పైకెక్కితే మెత్త మీద కూర్చోవాలి. ఆ మెత్తలో ఎవరో ప్రయాణికుడి కునుకు ఉంది. జీవితమంతా ముట్టనిదాన్ని ఈ ముసలితనంలో ముట్టుకోవడమా?

"ఒకటి పైది. ఒకటి కిందిది," అన్నాడు.

"ఇదేం లెక్క చాచా?"

"మీ చాచీ నడుము లెక్క."

ఆమె దగ్గరికి వచ్చి పై టికెట్టు చేతిలో పెట్టాడు. "నీ పేరు మీద కొన్న. నువ్వు పైకి పోయి కూసో. ఇంజన్ నడిపే సురేశన్న నాకు తెలిసినోడు, జర మాట్లాడి వస్త."

మెహరాజ్ రెయిలింగు పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కింది. వరసగా నీలం మెత్తలు. తన నాడాలే, తన ముడులే! కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. నడుము కింద మెత్త ముందు కొంచెం దిగి, తర్వాత ఆగి, మోసింది. ఎవరో అరచేత్తో ఎత్తిపట్టినట్టు. ఆమె కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లుగా ఊరందరికీ ఈయన ఇస్తున్నది ఇదా!

లాంచీ కదిలింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది, ఆమె దాని మీద చెయ్యి వేసి కాపలా కాసింది. ఒక పిల్లతల్లి వచ్చి టికెట్టు చూపించింది. "ఈ సీటు మాదమ్మా."

మెహరాజ్ చెయ్యి తీసింది. ఒక్క క్షణం నీళ్ల వైపు చూసింది. అర్థమైపోయింది. తర్వాత ఏం చేసిందో చూడండి! లేచి నిలబడి, కుర్చీ వెనక్కి వంగి, తాను కుట్టిన నాడాలను పట్టి లాగింది. ముడి ఎక్కడ పడిందో ఆమె వేళ్లకే తెలుసు, ఒక్క లాగుకే ఊడి వచ్చాయి. మెత్తను చంకలో పెట్టుకొని మెట్లు దిగసాగింది. మెట్ల దగ్గర నరేశ్ అడ్డం వచ్చాడు.

"చాచీ, చాచీ! అది పై సీటుది!"

"టికెట్టు నాదేనా?"

"నీదే."

"మరి మెత్త పైసలు గీ టికెట్టులున్నయా లేవా?"

"ఉన్నయ్ గానీ..."

"ఉంటె జరుగు."

వాడు జరిగాడు. జరక్క ఏం చేస్తాడు?

కింద ఇంజన్ పక్కన చెక్కబల్ల చివర అలీ కూర్చొని ఉన్నాడు. నారింజ రంగు లైఫ్ జాకెట్టును రెండు వేళ్లతో నొక్కి చూస్తున్నాడు. ఆమెను చూసి దొంగలా నవ్వాడు. "గీ దాంట్ల దూది లేదే. ఒట్టి స్పాంజి."

"సురేశన్నతోటి మాటలు అయినయా?"

అలీ జాకెట్టును పక్కన పెట్టాడు.

"లే."

"ఎందుకే..."

"లే అంటున్న."

లేచాడు. ఆమె మెత్తను బల్ల మీద వేసి, నాడాలను బల్ల చెక్కలకు కట్టి, గట్టిగా లాగి చూసింది. "కూసో."

"మెహరాజ్, నీకు తెల్వదా? కుట్టినోడు కూసుంటె..."

"కొన్నోళ్లు ముందుగాల కూసోవాలె. గంతే గద మీ నాయిన చెప్పింది? నా పేరు మీద కొన్నవు. నేను కూసున్న. కడుపునిండ కూసున్న. ఇగ ఇది నాది. ఇప్పుడు నువ్వు కూసుంటె ఎవల కునుకు తగ్గుతది? నాది. తగ్గితె తగ్గనియ్."

బల్ల మీది వాళ్లందరూ చూస్తున్నారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక "కూసో సాబ్, ఆమెతోటి గెలువలేవు," అన్నాడు. అలీ బల్ల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. చెప్పులు విడిచాడు, మసీదు మెట్ల దగ్గర విడిచినట్టు. అప్పుడు మెల్లగా, ఒక పక్క నుంచి, కూర్చున్నాడు.

మెత్త దిగింది, ఆగింది, మోసింది.

ఇంజన్ పొగ గాలికి అటు తిరిగింది. ఎత్తుగా ఉండే ఆ కుడి భుజం కిందికి జారింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ రెండు భుజాలూ సమంగా ఉండగా మెహరాజ్ చూడటం అదే మొదలు.

"ఎట్లున్నది?" అంది.

"జర గట్టిగున్నది," అన్నాడు అలీ, కళ్లు మూసుకొని. "ఇంకొంచెం ఏకాల్సిండె."

"ఓయబ్బో. గిరాకీ అయినవు గద, ఇగ వంకలు పెడుతవు."

అతను నవ్వాడు. ఈసారి దగ్గు రాలేదు. "మంచిగున్నదే. మంచిగనే కుట్టిన," అని, తల ఆమె భుజం మీద వాల్చాడు.

గుట్టల దగ్గర తిరిగి లాంచీ వెనక్కి మళ్లింది. పొద్దు వాలి నీళ్లు రాగి రంగుకు తిరిగాయి. పైనుంచి పిల్లల కేకలు, కింద ఇంజన్ మోత. మెహరాజ్ కదలకుండా కూర్చుంది, భుజం తిమ్మిరి పట్టినా కదల్లేదు. ఆయన కనురెప్పల మీది దూది నూగును చీర అంచుతో తుడిచింది.

సోమశిల ఘాటు వచ్చింది. నరేశ్ తాడు విసిరాడు. జనం బిలబిలా దిగారు. సురేశ్ ఇంజన్ ఆపాడు.

ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం! నీళ్లు లాంచీ పక్కను తడుతున్నాయి, అంతే. మెహరాజ్ చెవి పెట్టి విన్నది. పక్కన పడుకొని రోజూ విన్న చప్పుడు, అది వినిపిస్తేనే తనకు నిద్ర పట్టే చప్పుడు, ఆ సన్నటి ఈల కోసం విన్నది. అది రాలేదు.

"చాచా, ఘాటొచ్చింది, లే," అంటూ నరేశ్ దగ్గరికి వచ్చాడు.

"జరసేపు ఆగు బిడ్డా," అంది మెహరాజ్. ఆమె అరచెయ్యి ఆయన ఛాతీ మీద ఆనించి ఉంది, పరుపును చూసినట్టు. "నా కునుకే అది. ఆయనకిచ్చిన. తియ్యనియ్."

నరేశ్ ఆమె ముఖం చూశాడు. చేతిలోని తాడు కింద పెట్టేసి, అక్కడే బల్ల అంచున కూర్చుండిపోయాడు.

తర్వాత మెత్తను పైకి తీసుకుపోయి కట్టమని లాంచీవాళ్లు నరేశ్‌కు చెప్పారు. వాడు నాడాల ముడి మీద చెయ్యి వేసి, విప్పలేక, అలాగే వదిలేశాడు. ఇప్పటికీ పైన కిటికీ పక్క కుర్చీ ఒకటి బోసిగా ఉంటుంది. కింద ఇంజన్ పక్కన చెక్కబల్ల చివర నీలం మెత్త ఉంటుంది, మధ్యలో చిన్న గుంటతో. రేపు మీరు సోమశిల పోయి రెండింతలు కట్టి పై టికెట్టు కొన్నారనుకోండి, ఆ బోసి కుర్చీయే మీకు వచ్చిందనుకోండి. కిందికి వచ్చి ఆ మెత్త నాడాలు విప్పుతారా?