గంజి చొక్కాలు, కర్నూలు బూట్లు

ఫుట్‌బాలు సంగతి పూర్తిగా తెలిసినవాడు కర్నూలు జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు రామలింగప్ప. ఈ మాట చెప్పింది కూడా రామలింగప్పే. పడుచుతనంలో చీరల మూట నెత్తిన పెట్టుకొని మద్రాసు వెళ్లినప్పుడు తెల్ల సోల్జర్ల ఆట కళ్లారా చూశాడట. ఒక సోల్జరు తన్నిన బంతి ఆకాశంలోకి పోయి, తిరిగి నేలకు వచ్చేలోపల రెండు చీరలు బేరమాడి అమ్మేశాడట. రెండో చీర కొన్నామె అంచు బాగాలేదని వెనక్కి తెచ్చి ఇచ్చేదాకా కూడా బంతి దిగలేదట.

రామలింగప్పది సాలెపేట. హంద్రి ఏటి ఒడ్డున, గుంతలో కాళ్లు పెట్టి తొక్కే గుంతమగ్గాలు నలభై ఉన్న ఊరు. ఊరి చుట్టూ అన్నీ గుండ్రాళ్లూ తుమ్మముళ్లే, చదును నేల ఒక్కటే ఉండేది. దాన్ని పడుగుల బయలు అనేవాళ్లు. తెల్లవారుతూనే నేతగాళ్లు అక్కడ కొయ్యలు పాతి, పడుగు నూలు బారుగా సాచి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా చుట్టుకొని పోయేవాళ్లు. సాయంత్రం అదే నేల మీద పడుచువాళ్లు బంతి తన్నేవాళ్లు. బంతి తగిలి కొయ్యలు కదులుతున్నాయనీ, పొద్దున్నే పోగులు తెగుతున్నాయనీ పేట పెద్ద గోపన్నకు ఆ ఆటంటే కడుపుమంట.

అలాంటిది ఆ ఏడు ఎండాకాలం సాలెపేట జట్టు ఒక్కో ఊరినీ ఓడించుకుంటూ పోయి జిల్లా షీల్డు ఫైనలుకు చేరింది. అవతలిపక్క కర్నూలు కోట క్లబ్బు. గుమాస్తాలు, ప్లీడర్ల కొడుకులు. అందరికీ ఖాకీ చొక్కాలు, అందరి కాళ్లకూ బూట్లు.

శుక్రవారం సాయంత్రం పదకొండు మందినీ బయల్లో కూర్చోబెట్టి రామలింగప్ప జోస్యం మొదలుపెట్టాడు. జట్టు నాయకుడు ఓబులేసు అతనికి సొంత అక్క కొడుకు.

"రేపాదివారం ఏం జరుగుతాదో ఇప్పుడే చెప్తా, ఇనండి. మొదలు వాల్ల గోలీ, గోలు కాసేటోడు. ఆయప్పను ఈ కండ్లతో చూసినా. ఇది బనగానపల్లె మామిడిపండ్ల కాలం గదా, పొద్దున ఆరు, మాపుటికి ఆరు తింటాడు. వంగినాడంటే లేపేదానికి ఇద్దురు మనుషులు కావల్ల. బంతి కింద పంపిస్తే సాలు."

"సరే మామా, వాల్ల బ్యాకులు ఎట్లాంటోల్లు?" అన్నాడు ఓబులేసు.

"ఇద్దురూ రికార్డు గుమాస్తాలు. వాల్ల ముందరికి కాయితం పోతే ఆర్నెల్లకు గానీ పక్క బల్ల మీదికి పోదు. బంతి మాత్రం పోతాదా? ఇంగ కెప్టెను, మద్రాసులో సదివొచ్చినాడు. తలకాయతో బంతి కొట్టల్ల, క్రాపు చెదరగూడదు అంటాడు. రెండిట్లో ఏదీ జరగదు, చూస్తాండు."

"పోయినేడు కడపోల్లు ఆడేదానికొస్తే ఐదు గోల్లు ఏసినారంట మామా," అన్నాడు ఓబులేసు.

"కడపోల్లదేముంది రా! మైదుకూరు దాటేతలికే ఆకలైంటాది వాల్లకు. ఆకలితో ఉండే మనిషికి యాబై ఏసినా లెక్కలేదు. ఇంగ బూట్ల సంగతి. ఎద్దుకు లాడాలు ఎందుకు కొడ్తారప్పా? రాతిబాటలో బరువు లాగేదానికి. ఈ దొరలు ఏం బరువు లాగుతాండారని? మన కాల్లు చూడు. పొద్దు పొడిసినప్పటి నుంచి పొద్దుగూకేదాకా గుంతలో తొక్కే కాల్లు! మూడు గోల్లు. వాల్లకు సున్న. రాసి పెట్టుకోండి."

తర్వాత వేలెత్తి అందరినీ ఒకసారి చూపించాడు.

"మీకుండేది ఒకే దరిద్రం. మగ్గం కాడ కూచున్నట్లు తల దించుకోని కాల్లే చూసుకుంటా ఆడతారు. మద్రాసులో సోల్జర్లు తలెత్తి, మొగం చూసి బంతి ఇస్తారు. తలెత్తండి రా!"

చుట్టిన పడుగు భుజాన వేసుకొని గోపన్న వెనకనే నిలబడి అంతా విన్నాడు.

"మూడు గోల్లంటివే రామలింగప్పా. ఓడిపోతే?"

"ఓడిపోయేదేంది అన్నా? ఓడిపోతే ఈ బయల్లో మల్లా బంతి కనపడదు. పో."

"పదిమంది ముందర అన్న మాట."

"పదిమంది కాదు, పదకొండు మంది. లెక్కబెట్టుకో."

 బయలు పోతే ఆ పదకొండు మందీ తన్నుకోవలసింది గుండ్రాళ్లనే.

రామలింగప్ప ఇంటికి పోయేసరికి ఈ సంగతి అతనికన్నా ముందే పోయి కూర్చుంది. భార్య భీమమ్మ చాటలో జొన్నలు చెరుగుతూ తల ఎత్తకుండానే అంది.

"ఒప్పుకునేది నువ్వు, పోయేది వాల్లది. నీదేం పోతాదిలే. నువ్వేమన్నా సాయంత్రం పూట బంతి తంతాండావా?"

ఆ మాట రామలింగప్పకు గట్టిగానే తగిలింది. జట్టుకు తన చేతనైన సాయం ఏదో చేయాలనుకున్నాడు. అతని చేతనైంది ఒక్కటే, గంజి. పేటలో నేసి కుట్టిన పసుపు చొక్కాలు పదకొండూ తెప్పించి, పడుగుకు పట్టించే చిక్కటి జొన్నగంజిలో ముంచాడు.

"అది నూలుకు పెట్టే గంజయా, మనిషికి కాదు," అంది భీమమ్మ.

"నీకు తెలీదు ఊరుకో. కర్నూలోల్లు ఇస్త్రీ మడతల మీద వస్తారు. మనోల్లు నలిగిన చొక్కాలతో పోతే సగం ఆట ఆన్నే పాయ."

మరునాటికి చొక్కాలు ఎండాయి. ఎవరూ తొడుక్కోకుండానే గోడ పక్కన వరసగా నిలబడ్డాయి. కోడిపెట్ట ఒకటి ఒక చొక్కా మెడలోంచి దూరి, చేతిలోంచి బయటికి వచ్చింది. చొక్కా మాత్రం పడలేదు.

ఆదివారం తెల్లవారకముందే రెండు ఎద్దుబండ్లు కర్నూలు దారి పట్టాయి. ఓడిపోవడం కళ్లారా చూద్దామని గోపన్న కూడా ఎక్కాడు.

మైదానంలో సాలెపేటవాళ్లు పరుగెడుతుంటే చొక్కాలు ఫెళఫెళమన్నాయి. "అప్పడాలొచ్చినాయి రోయ్!" అని కర్నూలు జనం ఒకటే నవ్వు. చేతులు పైకి లేవక ఓబులేసు బొమ్మలా పరిగెత్తాడు. అయినా సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోలు లేదు. కర్నూలు గోలీ కట్టెపుల్లలా ఉన్నాడు. మేకపిల్లలా ఎగిరి బంతి పట్టుకుంటున్నాడు.

"ఈయప్పనేనా మామిడిపండ్లు తినేది?" అన్నాడు గోపన్న.

"తింటాండాడేమో అన్నా. ఒంటికి పట్టినట్టు లేదు."

"చూసినా అంటివే?"

"యాడ చూసినా! ఇదే మొదలు."

"సరే, నడిమిట్ల తిరిగే ఆ రెఫరీ ఇప్పుడు ఈల ఎందుకు ఊదినాడు?"

"నాకేం తెలుసు అన్నా?" రామలింగప్ప పకపకా నవ్వాడు. "మన బయల్లో ఈల యాడుండాది? ఈల ఊదే ఆట నేను చూసేది ఇదే."

"మరి మద్రాసో?"

"ఆడ గోడ శానా ఎత్తుండె. ఇవతల చీరలమ్ముకుంటా అరుపులు ఇన్న్యా. బంతి పైకి లేసినప్పుడు మాత్రం కనపడ్య. కిందికి ఎప్పుడు దిగినాదో నేనెట్ల చూస్తా, అడ్డం గోడుండాది గదా!"



రెండో సగం మొదలవుతూనే ఎక్కడి నుంచో ఒక మబ్బు వచ్చి పదినిమిషాలు కురిసి పోయింది. చొక్కాల్లో గంజి కరిగి బంకయింది. పడిన ప్రతివాడూ నేలను కొంచెం ఒంటికి అంటించుకొని లేచాడు. కాసేపటికి పసుపు రంగు మాయమై సాలెపేటవాళ్లంతా మట్టిరంగుకు తిరిగారు. అంటే, సరిగ్గా కోట క్లబ్బు ఖాకీ రంగుకు.

అక్కడ తిరగబడింది ఆట. కర్నూలువాళ్లు చదువుకున్నవాళ్లు కాబట్టి తలెత్తి, చొక్కా చూసి బంతి ఇస్తారు. మైదానంలో ఇప్పుడు ఇరవైరెండు మందివీ ఒకే రంగు చొక్కాలు. ఇచ్చిన బంతుల్లో సగం సాలెపేటకే పోయాయి. కెప్టెను తన మనిషే అనుకొని సాలెపేట వాడి భుజం తట్టి "శభాష్" అని కూడా అన్నాడు.

"తలెత్తండి రా! మొగాలు చూడండి రా!" అని గట్టు మీద నుంచి గొంతు చించుకుంటున్నాడు రామలింగప్ప. వాళ్లు ఎప్పటిలాగే తల దించుకొని కాళ్లే చూస్తున్నారు. గోపన్న అతని మోచేయి పట్టి లాగాడు.

"అరవద్దు రా సామీ! కాల్లు చూసే గదా గుర్తు పడతాండారు. బూటుంటే వాల్లోడు, ల్యాకుంటే మనోడు!"

రామలింగప్ప ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అంతకన్నా గట్టిగా అరిచాడు.

"దించండి రా! ఎవడన్నా తలెత్తితే కాల్లిరగ్గొడ్తా!"

ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా బంతి రికార్డు గుమాస్తాల్లో ఒకడి దగ్గరికి పోయింది. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన ముందుకు వచ్చినదాన్ని వెంటనే పక్కకు పంపాడు. గోలు ముందర నిలబడి ఉన్న ఖాకీ మనిషికి పంపాడు. ఆ ఖాకీ మనిషి ఓబులేసు. గోలీ కూడా మనవాడే కదా అని చేతులు దించి చూస్తున్నాడు. ఓబులేసు వట్టి కాలితో, మగ్గం తొక్కినంత నిమ్మళంగా, బంతిని లోపలికి తోశాడు.

షీల్డు బండెక్కింది.  తిరుగుదారిలో హంద్రి కనిపించాక గోపన్న అన్నాడు.

"మూడంటివి. ఒకటే వచ్చె."

"తక్కినవి రెండూ గంజికి అతుక్కోని ఆగిపాయ అన్నా."

"మాట మాటే. సాయంత్రం బయలు పిల్లోల్లది. నేనింగ అడ్డం రాను. అయితే ఒగటి. బంతి తగిలి కొయ్య కదిలి, పొద్దున ఏ పోగు తెగినా అతికేది నువ్వే."

పదకొండు మంది ముందర రామలింగప్ప దానికీ ఒప్పుకున్నాడు. కళ్లకు పొరలు కమ్మేదాకా రోజూ తెల్లవారుతూనే బయలుకు పోయి, తెగిన పోగులు వెతికి అతికేవాడు. అతుకుతూనే వచ్చే ఏటి గోలీలను ఒక్కొక్కరిగా ఏకిపారేసేవాడు. ఆ చొక్కాలను భీమమ్మ మూడు రోజులు నానబెట్టింది. అయినా రెండింటికి మట్టిరంగు వదల్లేదు.

ఈ కథ చెప్పినవాణ్ణి కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మేకపిల్ల లాంటి గోలీ నిజం. భుజం తట్టిన కెప్టెను నిజం. చొక్కాలో దూరిన కోడి మా ఇంటిదే. నేను కల్పించింది ఒక్క వాన. ఎండాకాలంలో, కర్నూల్లో, మనకు కావలసిన వేళకు మబ్బొచ్చి కురిసిందంటే అంతసేపూ ఎట్లా నమ్మినారప్పా? ఆ చొక్కాలు తడిసింది వట్టి చెమటకే.