ఖలాయి నొక్కిన నిద్ర

తెల్లవారుజామున నాలుగున్నర కావడానికి ఇంకా మూడు నిమిషాలుంది. ఖలాయి పొట్టి ఇనుప కడ్డీ పట్టుకుని, మామిడి కొమ్మకు గంటలా వేలాడే పాత లారీ చక్రం పక్కన నిలబడింది. బుంగోమా ఊళ్లోని ఆ ఆడపిల్లల హాస్టలుకు ఆమె మేట్రన్. ఇరవయ్యారేళ్లుగా చుట్టూ ఉన్న చెరుకు తోటల్లో రోజూ వినపడే మొదటి చప్పుడు ఆమెదే. భారీ మనిషి. ఎడమ మోకాలు అరిగిపోయింది గాని, కుడి భుజం మాత్రం ఇప్పటికీ కమ్మరివాడిదే. ఈ రోజుతో అరవై నిండాయి. సాయంత్రం సొంత ఊరికి వెళ్లిపోవాలి.

చక్రం మోగింది. నాలుగు వందల మంది పిల్లలు ముఖాలు కడుక్కుని పొద్దుటి చదువుకు పరిగెత్తారు. పదహారేళ్ల మెట్రీన్ మాత్రం ఆవలిస్తూ మంచం మీదే ఉంది. ఆ పిల్లకు ఉబ్బసం.

"ఎన్నింటికి పట్టింది నిద్ర?" ఖలాయి గౌను జేబులోంచి ఫోను తీసింది.

"పన్నెండు దాటాక. ఒక్కసారే దగ్గానమ్మా."

"అబద్ధమాడితే యాప్ పట్టేస్తుంది."

"దానికేం తెలుసు? మీరు చెప్పిందే దానికి తెలుసు."

ఖలాయి నవ్వుతూ ఆ లెక్కే ఫోనులో నొక్కింది. పిల్లలు ఫోను ముట్టుకోకూడదన్నది బడి నియమం. అందుకే పట్నం డాక్టరమ్మ ఆ ఫోను ఈమె చేతికిచ్చింది. పడుకునే ముందు మందు పీల్చమని యాప్ గుర్తుచేస్తుంది, పొద్దున్నే రాత్రి ఎలా గడిచిందని అడుగుతుంది. మొదటి మూడు వారాలు ఖలాయి పిల్లను అడగనే లేదు. దీపాలు ఆర్పేది పదింటికి, చక్రం కొట్టేది నాలుగున్నరకి, మధ్యలో ఉన్నదంతా నిద్రేనని నొక్కేసింది. నిద్ర ఫర్వాలేదంది యాప్. ఆ మూడు వారాలూ క్లాసులో తూలినందుకు మెట్రీన్ మోకాళ్ల మీద కూర్చుంది.

"మీరు నొక్కేది చక్రం నిద్రమ్మా, నాది కాదు," అంది చివరికి. "కోతకు ముందు చెరుకు తగలబెట్టిన రాత్రి ఆ పొగకి నాకు కునుకే ఉండదు."

ఆ రోజు ఖలాయికి నిజంగా సిగ్గేసింది. ఇన్నేళ్లుగా పిల్లల్ని లేపింది గాని, ఎలా పడుకున్నావని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. వెంటనే మంచాన్ని తోట వైపు కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకు జరిపించింది. పళ్లు తోముకునే ముందే మందు పీల్చేలా అలవాటు చేసింది. రాత్రికి నాలుగుసార్లు వచ్చే దగ్గు ఒకసారికి దిగింది. అయినా పన్నెండు దాటితే గాని కునుకు పట్టక, నిద్ర నాలుగు గంటలు దాటలేదు. ఇక అడ్డు చక్రమే.

"రేపట్నుంచి ఎవరడుగుతారమ్మా నన్ను?" అంది ఇప్పుడు మెట్రీన్.

"అది నా పని. నువ్వు లేచి నీళ్లు తాగు."

పదింటికి ఖలాయి ప్రిన్సిపాల్ ఒంగాచి మేడం గదికి వెళ్లింది. మెట్రీన్‌ను ఆరింటిదాకా పడుకోనివ్వాలని, ఫోను ఆ పిల్ల దగ్గరే ఉంచాలని అడిగింది.

"ఒకదానికిస్తే రేపు నాలుగొందల మందీ వస్తారు," అంది మేడం. "అసలు దాన్ని ఇంటికి పంపేద్దామనుకుంటున్నా. క్లాసులో ఒకటే తూలుడు."

"ఆదివారం చర్చిలో తూలగా చూశారా మీరు? ముందు వరుసలో నిలబడి పాడుతుంది. ఎందుకంటే ఆదివారం నేను చక్రం కొట్టేది ఆరింటికి." ఖలాయి ఫోను బల్ల మీద పెట్టి, ఆదివారాల దగ్గర పైకి లేచిన గీతలు చూపించింది. "బద్ధకం పిల్లది కాదు మేడం. దాని నిద్ర చెడగొట్టింది నా చెయ్యి."

మేడం గీతల్ని చాలాసేపు చూసింది. "సాయంత్రం వీడ్కోలులో మీకు మంచి దుప్పటి కప్పబోతున్నాం, తెలుసా?"

"దుప్పట్లు నాకున్నాయి. ఈ గంటన్నర ఇవ్వండి చాలు."

మేడం నవ్వాపుకోలేకపోయింది. "రెండూ తీసుకోండి. ఫోను మాత్రం మంచం దగ్గరే ఉండాలి, క్లాసుకు రాకూడదు."

సాయంత్రం సోడాలు తాగారు, కేకు కోశారు, పిల్లలు పాడారు. ఖలాయి ఏడవలేదు. కొత్త మేట్రన్‌కు కడ్డీ అప్పగిస్తూ, "గట్టిగా కొట్టు. మెట్రీన్ చెవుల్లో దూది ఉంటుంది, ఆ ఒక్క మంచం జోలికి మాత్రం పోకు," అంది. దుప్పటి ఒళ్లో పెట్టుకుని మోటారుసైకిల్ వెనకెక్కింది. చెరుకు తోటల మధ్య మలుపు దాకా పిల్లలు చేతులూపుతూనే ఉన్నారు.

లోపలి గోడకు, మెట్రీన్ తలగడ పైన, ఖలాయి కొట్టిన మేకుకు ఆమె అల్లిన ఊదారంగు ఉన్ని సంచి వేలాడుతోంది. అందులో ఫోను ఉంది, ఆరింటికి మోగేలా పెట్టి.